చెట్టు జీనులో రాత్రి కావలి: చలిబట్ట ఎక్కడ తొడగాలి, సామాను ఎక్కడ తగిలించాలి

మీ ప్రశ్న ఇది. సీతారామపురం దగ్గర కొండను ఆనుకుని మీ మామగారికి వేరుశనగ చేను ఉంది. రాత్రిళ్లు అడవి పందులు దిగి చేను తవ్వేస్తున్నాయి. అమెరికా నుంచి వచ్చిన మీ బావమరిది అక్కడ జింకల వేటగాళ్లు వాడే ట్రీ సాడిల్ ఒకటి మీకిచ్చి వెళ్లారు. నడుముకూ తొడలకూ పట్టీలు బిగించుకుని, చెట్టుకు కట్టిన తాడు మీద బరువు వేసి కూర్చునే జీను అది. గట్టు మీది చింతచెట్టెక్కి కావలి కాస్తూ, వీలైతే గుడ్లగూబల ఫోటోలు తీయాలని మీ కోరిక. మూడు రాత్రులు కూర్చున్నారు. ఎక్కేసరికి ఒళ్లంతా చెమట, తెల్లవారుజామున వణుకు. స్వెట్టర్ వేసుకుందామంటే జీను అడ్డం వచ్చింది. మూడో రాత్రి టార్చి చేజారి, చీకట్లో తడుముకుంటూ దిగారు. ఇన్ని బట్టలు, ఇంత సామాను చెట్టు మీద ఎలా సర్దుకోవాలని అడిగారు.

ఉదయగిరి చుట్టుపక్కల చేల మీద పన్నెండేళ్లుగా రాత్రి కావలి కాస్తున్నాను. మొదటి ఏడేళ్లు మంచె మీద, తర్వాత చెట్టు జీనులో. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు ఒక హెచ్చరిక. ఈ జీనును వేట కోసం తయారు చేశారు. మన దగ్గర వేట నేరం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని నిషేధించింది. పంది పంట పాడు చేసినా సరే, మన పని కనిపెట్టడం, కేక వేయడం, డబ్బా కొట్టడం, వెలుగు చూపించడం. అంతవరకే. మీ చేను అడవి అంచున ఉంది, ఆ కొండల్లో ఎర్రచందనం కాపలా కూడా గట్టిగా ఉంటుంది. అర్ధరాత్రి చెట్టు మీద తాళ్లతో, టార్చితో మనిషి కనిపిస్తే అటవీ సిబ్బంది అనుమానించడం సహజం. ఎక్కబోయే రోజున వారికి ముందుగా చెప్పి ఉంచండి. చెట్టు మీ సొంత గట్టు మీదిదే అయి ఉండాలి, అడవిలోది కాకూడదు.

ఇక అసలు సంగతి. మీరు వణికింది చలికి కాదు, మీ చెమటకే. నెల్లూరు జిల్లాలో జనవరి చలి ఎంతని! కొండ అంచున కాబట్టి పట్నం కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది, అంతే. అయినా పళ్లు కొట్టుకున్నాయంటే కారణం ఉంది. నీటికి వేడిని లాగేసే గుణం గాలి కంటే సుమారు 24 రెట్లు ఎక్కువ. కిలోమీటరు దూరం సంచి మోసుకొచ్చి, స్వెట్టరుతోనే చెట్టెక్కితే లోపలి నూలు బనియన్ పిండితే కారేంతగా తడుస్తుంది. ఎక్కడం ఆగగానే ఒళ్లు వేడి పుట్టించడం తగ్గిస్తుంది, తడి బనియన్ మాత్రం ఉన్న వేడిని లాగుతూనే ఉంటుంది. ఆ తడి మీద ఎన్ని స్వెట్టర్లు తొడిగినా తడి లోపలే ఉండిపోతుంది. పైన ఇంకా ఏం తొడగాలని ఆలోచించే ముందు, ఒంటికి అంటుకున్న బట్ట పొడిగా ఉందా లేదా అన్నది చూసుకోండి.

ఈ సంగతి నాకు సింగరాయకొండ వైపు కల్లు కోసం తాటిచెట్లు గీసే ఒక పెద్దాయన దగ్గర అర్థమైంది. ఆయన పని చూద్దామని ఒక డిసెంబరు ఉదయం వెళ్లాను. మంచు కురుస్తోంది. నేను శాలువా కప్పుకుని నిలబడితే, ఆయన చొక్కా విప్పి మడిచి చెట్టు మొదట్లో రాయి మీద పెట్టాడు. మోకు నడుము వెనకగా తెచ్చి చెట్టు చుట్టూ తిప్పాడు. కాళ్లకు బందం వేసుకున్నాడు. కత్తులు ఒక పక్క, ముంత ఇంకో పక్క, అన్నీ నడుముకే కట్టి ఉన్నాయి. చలి వేయదా అని అడిగాను. "ఎక్కేటప్పుడు చలి వేస్తేనే దిగినాక చలి వేయదు" అన్నాడు. దిగి వచ్చాక తువ్వాలుతో వీపు తుడుచుకుని అదే పొడి చొక్కా తొడుక్కున్నాడు. నేను వెయ్యి రూపాయల స్వెట్టరుతో సాధించలేనిది ఆయన ఒక్క చొక్కాతో సాధించాడు.

మీరూ అలాగే చేయండి. ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించేటంత పల్చగా వేసుకోండి. చలిబట్టలన్నీ సంచిలో ఉండాలి. చెట్టు దగ్గరకు చేరాక పది నిమిషాలు ఊరికే నిలబడండి. చొక్కా విప్పి మెడ, చంకలు, వీపు తువ్వాలుతో తుడుచుకోండి. వేరే పొడి చొక్కా వేసుకుని, జీను కట్టుకుని నెమ్మదిగా ఎక్కండి. ఒక్కో మెట్టు మీద ఊపిరి నిలదొక్కుకోండి. పైన కుదురుకున్నాక కూడా వెంటనే స్వెట్టర్ తీయవద్దు. ఒళ్లు చల్లబడి, చేతుల మీద గాలి తగులుతోందని తెలిసిన క్షణం తొడగండి. వణుకు మొదలయ్యేదాకా ఆగితే ఆలస్యమైనట్టే, అప్పటికే వేళ్లు మాట వినవు. ఒకసారి నేను అలాగే ఆలస్యం చేశాను. తెల్లవారుజామున మూడింటికి కారబైనర్ మర తిప్పబోతే బొటనవేలికి పట్టు దొరకలేదు. అది ఉక్కు కొక్కెం, నా ప్రాణమంతా దాని మీదే ఉంది, నా వేలు దాన్ని కదిలించలేకపోయింది. తూర్పు తెల్లబడేదాకా చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుని, తర్వాత దిగాను. అప్పటి నుంచి చేతులకు పల్చటి ఉన్ని తొడుగులు లేకుండా చెట్టెక్కలేదు.

ఒంటిని అంటుకునే బట్ట నూలుది కాకుండా చూసుకోండి. ఆటగాళ్లు వేసుకునే పాలియెస్టర్ టీషర్టు చాలు, అది త్వరగా ఆరుతుంది. దాని మీద ఉన్ని. తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకునేది ఉన్నే. గొర్రెల కాపరులు వానలో కూడా గొంగళి వదలకపోవడానికి కారణం అదే. అన్నిటికంటే పైన గాలిని ఆపే పల్చటి కోటు ఒకటి. మన ప్రాంతానికి ఈ మూడు పొరలు చాలు. ఖరీదైన మంచుకొండల కోట్లు కొనకండి, వాటిలో ఉడికిపోతారు.

జీనుకూ బట్టలకూ ఉన్న తగువు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. జీను నడుము పట్టీ, తొడల పట్టీలు పల్చటి బట్ట మీదే బిగియాలి. మందపాటి స్వెట్టర్ మీద పట్టీ బిగిస్తే, కూర్చోగానే ఉన్ని అణిగి పట్టీ వదులై పైకి జరుగుతుంది. పక్కటెముకల కింద ఒత్తుకుని గంటలో ఊపిరాడనట్టు ఉంటుంది. పోనీ మధ్యలో ఆ స్వెట్టర్ తీసేస్తే పట్టీ మరీ వదులైపోతుంది. అందుకే లోపలి టీషర్టు పొడుగ్గా ఉండాలి, ప్యాంటులోకి దోపుకోవాలి, ముడతలు లాగి సరిచేశాక పట్టీ బిగించాలి. ఒక్క ముడత చాలు, నాలుగు గంటల తర్వాత అక్కడ చర్మం కమిలిపోతుంది. వెనక జేబుల్లో తాళంచెవులు, చిల్లర, పర్సు ఏవీ ఉంచవద్దు.

పైన తొడిగేవన్నీ ముందు తెరుచుకునేవే అయి ఉండాలి. తల మీదుగా వేసుకునే స్వెట్టర్ చెట్టు మీద ప్రమాదం. చెట్టుకు కట్టిన తాడు సరిగ్గా మీ ముఖం ఎదురుగా వస్తుంది. తల స్వెట్టరులో ఉన్నప్పుడు రెండు చేతులూ పైన, కళ్లకు ఏమీ కనబడదు, మెడభాగం తాడుకు తగులుకుంటుంది. ముందు గుండీల స్వెట్టరైతే ఒక చెయ్యి తొడిగి, వీపు వెనకగా తిప్పి, రెండో చెయ్యి తొడగవచ్చు. ఈ పని జరిగేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ తాడు మీదే ఉంటుంది. బట్ట మార్చుకోవడానికి చెట్టు తాడును క్షణమైనా విప్పవద్దు. విప్పకుండా తొడగలేని బట్ట ఏదైనా ఉంటే అది చెట్టుకు పనికిరాదు, కింద వదిలేయండి.

జీను ముందు భాగాన అడ్డంగా చిన్న తాడు ఉంటుంది కదా, చెట్టు తాడు వచ్చి తగిలేది దానికే. పై కోటు జీను మీదుగా కప్పుకుంటే ఆ తాడు కోటు మధ్యలోంచి బయటకు రావాలి. మామూలు జిప్పు కోటు కింద నుంచి తెరుచుకోదు, పైదాకా మూసేస్తే తాడు కోటును పైకి లాగేస్తుంది, పొట్ట మీద చలి. నేను నా కోటు జిప్పు పీకించి, దర్జీ చేత గుండీలు పెట్టించాను. పై నాలుగు పెట్టుకుని కింది మూడూ వదిలేస్తాను. కోటు రెండు రెక్కలుగా తొడల మీద పడుతుంది, తాడు మధ్యలో స్వేచ్ఛగా ఆడుతుంది. రెండు వైపుల నుంచీ తెరుచుకునే జిప్పులు కూడా దొరుకుతాయి, అవీ మంచివే.

కాళ్లకు సంబంధించి పెద్ద ఇబ్బంది ఉంది. జీను కట్టుకున్నాక ప్యాంటు మీద ప్యాంటు వేసుకోలేరు. నిలువునా పక్క జిప్పులున్న ప్యాంటులు అమ్ముతారు కానీ నేను కొనలేదు. పాత ఉన్ని శాలువా ఒకటి తీసుకుని, మధ్యకు మడిచి, రెండు మూలలకు నాడాలు కుట్టించాను. జీను కింద నుంచి తొడల చుట్టూ చుట్టి పక్కన ముడి వేస్తాను. దిగే ముందు అదే మొదట విప్పుతాను, కాళ్లకు అడ్డం పడుతుంది కాబట్టి. లుంగీతో మాత్రం ఎక్కకండి, తొడల పట్టీల కింద అది తాడులా మెలిపడిపోతుంది.

మఫ్లర్ కొసలు లోపలికి దోపుకోండి. చెట్టు తాడు మీద పైకీ కిందికీ జరుపుకునే ప్రూసిక్ ముడిలో వేలాడే కొస ఇరుక్కుంటే ముడి జరగదు. మంకీ క్యాప్ చెవుల మీదుగా లాగవద్దు. కావలిలో సగం పని చెవులదే. పంది మొరటుగా నడుస్తుందని అనుకుంటాం కానీ, చేనులోకి దిగేముందు గట్టు దగ్గర చాలాసేపు ఆగి గాలి పీలుస్తుంది. ఆ ఉచ్ఛ్వాసం వినగలిగితే అరగంట ముందే తెలుస్తుంది. దానికి చూపు తక్కువ, వాసన పసిగట్టే శక్తి అపారం. అందుకని గాలి చేను వైపు నుంచి మీ వైపు వీచేలా కూర్చుంటే గమనించడానికి మంచిది. తరమడమే మీ ఉద్దేశమైతే మీ వాసన అటు వెళ్లినా మేలే!

ఇక సామాను. వీపుకు సంచి తగిలించుకుని ఎక్కవద్దు. బరువు వెనక్కి లాగుతుంది, కొమ్మలకు తగులుకుంటుంది, వీపంతా చెమట పడుతుంది. పది మీటర్ల పల్చటి తాడు ఒక కొస సంచికి, ఇంకో కొస జీను పక్క ఉంగరానికి కట్టి, ఖాళీ చేతులతో ఎక్కండి. పైన చెట్టు తాడు కట్టుకుని, దాని మీద పూర్తి బరువు వేసి పరీక్షించాక సంచిని చేదలా లాక్కోండి. సంచి సర్దేటప్పుడు చివర్న కావలసింది అడుగున, మొదట కావలసింది పైన. నా సంచిలో అట్టడుగున వానకోటు, దాని మీద కాళ్ల శాలువా, ఆ పైన కోటు, స్వెట్టర్, అన్నిటికంటే పైన చెట్టుకు చుట్టే పట్టీ. ఆ పట్టీకి అయిదు కొక్కేలు ఉంటాయి. చెట్టు బోదెకు రొమ్మెత్తున బిగించి సామాను దానికి తగిలిస్తాను.

ఏ కొక్కేనికి ఏది అన్నది ఒకసారి తేల్చుకున్నాక మళ్లీ మార్చకండి. నాకు కుడివైపు మొదటిది కెమెరా, రెండోది దుర్భిణి, ఎడమవైపు మొదటిది నీళ్లు, రెండోది స్వెట్టర్ ఉన్న గుడ్డసంచి, చిట్టచివరిది ఖాళీ. ఆ ఖాళీ కొక్కెం చాలా విలువైనది. చేతిలో ఉన్న వస్తువు హఠాత్తుగా వదిలేయాల్సి వస్తే అది అక్కడికి పోతుంది. ఈ క్రమం వేళ్లకు వచ్చేదాకా పగలు, ఇంటి ముందు చెట్టుకు మనిషెత్తున కట్టుకుని, కళ్లకు గుడ్డ కట్టుకుని సాధన చేయండి. నాకు వారం పట్టింది.

మీ టార్చి జారిపోవడానికి మందు ఒకటే, పైకి వచ్చే ప్రతి వస్తువుకూ తాడు ఉండాలి. టార్చికి, ఫోనుకు, కళ్లజోడుకు, కెమెరా మూతకు, సీసా మూతకు కూడా. తలకు కట్టుకునేది ఒకటి, మెడలో వేలాడేది ఇంకొకటి, టార్చులు రెండు ఉండాలి. ఎర్రని వెలుగు ఉన్నది చూసుకోండి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది, తెల్లటి వెలుగు ఒక్కసారి వేస్తే అదంతా పోతుంది. ఇంకో కారణం కూడా ఉంది. చింతచెట్ల మీద కొండ తేనెటీగలు పట్టు పెడతాయి, అవి రాత్రిపూట వెలుగు మీదికి వస్తాయి. పగటి వెలుగులో చెట్టంతా నాలుగు వైపుల నుంచీ చూడకుండా ఎక్కవద్దు. పట్టు ఉంటే ఆ చెట్టు సంగతి మరచిపోండి.

చప్పుడు చేసే వస్తువులను ముందే ఏరివేయండి. స్టీలు సీసాకు పాత సాక్సు తొడగండి. పరపరమనే అంటుపట్టీల (వెల్క్రో) సంచులు వద్దు, నాడాలవి వాడండి. మా ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసేవారున్నారు కదా, వారి చేత చిన్న చెక్క కొక్కేలు చేయించుకున్నాను. తేలికపాటి వస్తువులకు అవి ఎంతో బాగుంటాయి, ఒకదానికొకటి తగిలినా లోహపు మోత రాదు. మనిషి బరువు మోసే చోట మాత్రం తయారీదారు ముద్ర, బరువు అంకె ఉన్న ఉక్కు లేదా అల్యూమినియం కొక్కెమే వాడాలి. అక్కడ పొదుపు లేదు.

దోమల మందు గురించి ఒక్క మాట. డీట్ (DEET) అనే రసాయనం ఉన్న మందు రాసుకున్న చేతులతో కెమెరా, దుర్భిణి, ప్లాస్టిక్ బకిల్స్ ముట్టుకోవద్దు. అది కొన్ని రకాల ప్లాస్టిక్కును కరిగిస్తుంది. కింద ఉండగానే రాసుకుని, అరచేతులు మట్టితో రుద్ది కడుక్కోండి. తిండి మీ ఇష్టం, వాసన లేనిదైతే చాలు.

మంచు విషయం చాలామంది పట్టించుకోరు. ఈశాన్య రుతుపవనాలు వెళ్లిపోయాక, జనవరి ఫిబ్రవరి రాత్రులు మబ్బు లేకుండా ఉంటాయి, అప్పుడే మంచు బాగా పడుతుంది. ఆకుల గొడుగు కింద కూర్చుంటే సగం తడి తప్పుతుంది. బోడికొమ్మ మీద కూర్చుంటే కోటు, కెమెరా, తాడు అన్నీ తడుస్తాయి. కెమెరా మీద నూలుగుడ్డ కప్పి ఉంచండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాకు వచ్చే వానలో సగానికి పైగా కురుస్తుంది కనుక, ఆ రోజుల్లో బోదె జారుతుంది, పిడుగులు పడతాయి. ఉరుము వినబడిందా, దిగిపోయి చెట్టుకు దూరంగా వెళ్లాలి.

ఒకటి మాత్రం మీ ఇంట్లోవారికి కూడా చెప్పి ఉంచండి. జీనులో కాళ్లు వేలాడదీసి కదలకుండా ఉండిపోతే రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది. తల తిరుగుతుంది, స్పృహ తప్పవచ్చు, అలాగే ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. కాలు ఆనడానికి చిన్న బల్ల తప్పనిసరి. పావుగంటకోసారి బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చండి, మోకాళ్లు చెట్టుకు ఆనించండి, పిక్కలు బిగించి వదలండి. బల్ల జారిపోతే నిలబడడానికి తాడు ఉచ్చు ఒకటి చేతికందేలా జీనుకే ఉండాలి. నిద్ర ముంచుకొస్తే చెట్టు మీద పోరాడవద్దు, దిగి ఇంటికి వెళ్లి పడుకోండి. ఫోను రొమ్ము జేబులోనే ఉంచండి, సంచిలో వద్దు. ఎన్ని గంటలకు దిగుతారో ఒకరికి చెప్పి వెళ్లండి.

ఎత్తులో ఉన్నాం కదా, మనకేమవుతుందనే ధీమా కూడా వద్దు. మన కొండల్లో ఎలుగుబంట్లున్నాయి, అవి చెట్టు బాగా ఎక్కుతాయి. ఎలుగు తిరుగుతోందని ఊళ్లో మాట వినబడితే ఆ వారం కావలి మానేయండి. ఇంకా భయపడాల్సింది కరెంటు తీగలకు. పందుల కోసం గట్ల మీద దొంగచాటుగా తీగలు లాగేవాళ్లున్నారు. అది నేరం, మనుషులు చచ్చిపోతున్నారు. పక్క చేల రైతులను సాయంత్రమే అడిగి, పగటి వెలుగులో ఒకసారి నడిచి చూసుకున్న దారిలోనే చెట్టు దగ్గరకు వెళ్లండి.

దిగేటప్పుడు అంతా తిరగేసి చేయాలి. మొదట కాళ్ల శాలువా, తర్వాత కొక్కేల మీది సామాను, చివరకు పట్టీ. సంచిని తాడుతో కిందికి వదలండి. స్వెట్టర్ ఒంటి మీదే ఉండనివ్వండి, దిగడానికి అంత చెమట పట్టదు, వేళ్లు వెచ్చగా ఉండడం ముఖ్యం. కింద వదిలిన చెప్పులు, చొక్కా కర్రతో తిరగేసి దులిపాకే వేసుకోండి, కట్లపాములు, తేళ్లు వెచ్చటి చోటు వెతుక్కునే వేళ అది. ఇంటికి వెళ్లగానే జీను, తాళ్లు నీడన ఆరేయండి. ఎండ నైలాన్‌ను బలహీనపరుస్తుంది. ఆరాక తాడు మొత్తం వేళ్ల మధ్య లాగి చూడండి, ఎక్కడైనా పోగు లేచినా, మెత్తగా చేతికి తగిలినా ఆ తాడుకు సెలవు.

మీ మామగారు కూడా ఎక్కుతానంటున్నారని రాశారు. అరవై ఏడేళ్ల మనిషిని జీనులో కూర్చోబెట్టవద్దు. చేనుకు అవతలి మూల ఆయనకు నాలుగు గుంజల మంచె వేయించండి, నిచ్చెనతో, పైన తాటాకు కప్పుతో. ఒక గొంగళి, ఒక డబ్బా, ఫ్లాస్కులో టీ ఇవ్వండి. పంది ఏ మూల దిగిందో ఆయనకు మీకంటే ముందు తెలుస్తుంది. కేక వేసే పని ఆయనకు వదిలి మీరు చెట్టు మీద కెమెరా పట్టుకోండి.

ఈ వారం నేల మీద సాధన చేసి చూడండి. నడుము పట్టీ ఎక్కడ ఒత్తుకుంటోందో రాయండి, మీ జీను పక్క నుంచి తీసిన ఫోటో ఒకటి పెట్టండి. జీను ముందుండే అడ్డతాడు పొడవు చూసి చెబుతాను.